పేడ అలకని గది

ఈమధ్య ఒక నర్సింగు కళాశాల పిల్లలు నన్ను వాళ్ల సభకు పిలిచారు. "మేడమ్, మాకు స్ఫూర్తినిచ్చే అనుభవం ఏదైనా చెప్పండి" అని ముందుగానే ఫోనులో అడిగారు. నా దగ్గర స్ఫూర్తి లేదమ్మా, కోపం ఉంది, సరిపోతుందా అన్నాను. ఫోను చేసిన పిల్ల పాపం నవ్వేసింది. తీరా ఆ రోజుకి మోకాళ్లు మొండికేసి నేను వెళ్లనేలేదు. అక్కడ చెప్పాలనుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. చదివాక మీకు కూడా కాస్త కోపం వస్తే సంతోషం.

నేను ఉద్యోగం చేసింది బస్తర్‌లో, కిరండూల్‌లో. ఇనుప ఖనిజం తవ్వకం జోరుగా సాగుతున్న కాలం. కొండ మీద నుంచి దిగిన రాయిని నింపుకుని విశాఖపట్నం వైపు రైళ్లు పోతూనే ఉండేవి. టౌన్‌షిప్ చివర ఒక రేకుల షెడ్డులో మా సంస్థ. కిడ్నీ జబ్బు చేసిన తమవాళ్లు వైద్యం కోసం అదే దారిలో రైళ్లెక్కి తిరిగి తిరిగి పోవడం చూసిన గని కుటుంబాలు కొన్ని చందాలేసుకుని పెట్టుకున్న ధర్మ సంస్థ అది. రక్తం శుద్ధి చేసే యంత్రాలు కొన్ని, ఒక జీపు, ఒక పెద్ద డాక్టరు, ఒక డ్రైవరు, నేను. నేల ఎంత కడిగినా సాయంత్రానికి కిటికీ అంచున ఎర్ర దుమ్ము పేరుకునేది. దాన్ని తుడవడం కూడా నా ఉద్యోగంలో భాగమే అనుకోండి.

డాక్టరు గారు మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆయన్ని నేను ఇందులో బాగానే తిట్టబోతున్నాను. రోగి పోతే ఆయనకి అన్నం సయించేది కాదు. ఆ భయం వల్లే ఒక్కోసారి బతికున్నవాళ్లని కూడా సతాయించేవాడు. డ్రైవరు జగదల్‌పూర్ మనిషి. హల్బీ తన ఇంటి భాష, హిందీ తన జీపు భాష, తెలుగు మాత్రం మా వల్ల అంటుకున్న జబ్బు అనేవాడు. ఇక నేను విజయనగరం వైపుదాన్ని. నాన్న గనిలో పనికి వచ్చాడు, ఆయన వెనకాల మేం వచ్చాం. సరిహద్దు ఊళ్లవాళ్లు నా మాట విని, "నర్సమ్మది రైలు తెలుగు" అని వెక్కిరించేవాళ్లు. అది రైలెక్కి వచ్చిన తెలుగే కాబట్టి నేనేమీ అనేదాన్ని కాదు.

అసలు సంగతికి వస్తాను. మద్దేడ్ దాటాక రోడ్డు వదిలి లోపలికి పోతే ఒక ఊరు ఉంది. తెలుగు మాట్లాడే రైతులు, దోర్ల తెగ గిరిజనులు కలిసి బతికే ఊరు. అక్కడి రైతు ఒకతను బీజాపూర్ సంతలో కళ్లు తిరిగి పడిపోతే ఎవరో మా దగ్గరికి చేర్చారు. నలభై ఏళ్లు కూడా నిండలేదు. రెండు కిడ్నీలూ ఎప్పుడో చేతులెత్తేశాయి. ఇలాంటి మనిషికి యంత్రం మీద రక్తం శుద్ధి చేయాలంటే వారానికి మూడుసార్లు రావాలి. అతని ఊరి నుంచి మా షెడ్డు దాకా రావడానికే ఒక పగలు పడుతుంది. వానాకాలం వాగు పొంగిందంటే ఆ ఆశా లేదు. అంటే పొలం, గొడ్లు, పెళ్లాం, తల్లి, అందర్నీ వదిలేసి టౌన్‌షిప్‌లో పడి ఉండాలి. ఆ మాట చెప్పగానే అతను మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఈడ ఉండి నేనేం జెయ్యాలె నర్సమ్మా? రైలు డబ్బాలు లెక్కవెట్టుకుంట కూసోవాల్నా?"

రెండో దారి ఒకటి ఉంది. పొట్టలోకి ఒక మెత్తటి గొట్టం అమర్చి, సంచిలోని మందు నీళ్లు దాని ద్వారా లోపలికి వదులుతారు. అవి కొన్ని గంటలు పొట్టలో ఉండి ఒంట్లోని చెడునంతా లాక్కుంటాయి. తర్వాత ఆ నీళ్లు బయటికి తీసి కొత్త సంచి ఎక్కించాలి. రోజుకు నాలుగుసార్లు, ఇంట్లోనే, ఎవరికి వాళ్లు చేసుకోవచ్చు. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కావలసిందల్లా శుభ్రత. సంచి మార్చేటప్పుడు ఒక్క మురికి కణం గొట్టంలోకి పోయినా పొట్టంతా చీము పడుతుంది, మనిషి దక్కడు. అందుకే అప్పటిదాకా డాక్టరు గారు దీన్ని టౌన్‌షిప్ క్వార్టర్లలో, గచ్చు నేల, కుళాయి ఉన్నవాళ్లకే ఇచ్చేవాడు. మట్టి ఇంటికి ఇవ్వడం అదే మొదటిసారి. నేను ఆయన చెవిలో జోరీగలా పోరితే ఒప్పుకున్నాడు.

అతని భార్యకి నేర్పించాను. చేతులు మోచేతుల దాకా కడుక్కోవడం, మూతికి గుడ్డ, తలుపు మూయడం, సంచి మారేంతసేపూ గదిలోకి ఎవరినీ రానివ్వకపోవడం. చురుకైన మనిషి, త్వరగానే పట్టేసింది. చివర్లో మామూలుగా చెప్పే మాటే చెప్పాను: "అన్నిటికంటే ముఖ్యం గది. నీకు చేతనైనంత పరిశుభ్రంగా ఉంచు తల్లీ." అలాగేనంది. జీపు మీద సంచుల పెట్టెలు కట్టుకుని వాళ్లని ఊరికి చేర్చాం. అతను తన వాకిట్లో దిగి, గేదె మెడ నిమిరి, అప్పుడు లోపలికి పోయాడు.

వానలు మొదలయ్యేలోపే అతన్ని మళ్లీ మోసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది. పొట్టలోంచి వచ్చిన నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. అదే మేం భయపడ్డ చీము. డాక్టరు గారు, నేను వంతులేసుకుని కాపలా కాశాం. మందులు పనిచేశాయి, బతికాడు. కాస్త తేరుకున్నాక భార్యని కూర్చోబెట్టి అడిగాను: ఏం జరిగింది, ఎక్కడ తప్పింది?

"ఏం తప్పలే నర్సమ్మా" అని ఏడ్చింది. "గుడి లెక్క ఉంచిన ఆ అర్రను. రోజు పొద్దుగాల లేవంగనే పచ్చి పెండ తెచ్చి అలికిన. నేల, గోడలు, సంచి తగిలిచ్చే కొయ్య సుట్టు సుత అలికిన. మిగిలిన ఇల్లు వారానికోపారి అలుకుత, ఆ అర్ర మాత్రం రోజు అలికిన."

మనం ఆసుపత్రిలో ఏ క్రిముల్ని చూసి భయపడి చస్తామో, వాటికి పేడ పుట్టినిల్లు. ఆమెకి మాత్రం ఈ లోకంలో పచ్చిపేడకు మించిన శుద్ధి లేదు. పురుడైనా, పెళ్లయినా, దేవుడు ఇంటికి వచ్చినా ముందు అలకాల్సిందే. చేతనైనంత పరిశుభ్రంగా ఉంచమన్నాం, ఆమె అక్షరాలా అదే చేసింది. ఇప్పుడు మీలో ఎవరో అంటారు, పేడ వాడకూడదని ముందే చెప్పాలి కదా మేడమ్ అని. చెప్పాల్సిందే. మేం రోగులకి నేర్పే పాఠం తయారుచేసిన పట్నం వాళ్లకి పేడతో ఇల్లు అలికే రోగి ఒకరు ఉంటారని తట్టనే లేదు. దాంట్లో గొట్టానికి ఏసీ గాలి తగలకూడదని మాత్రం రాసి ఉంది!

డాక్టరు గారికి సంగతి చెప్పగానే ఆయన ముఖం గడ్డకట్టినట్టయింది. "చూశారా సిస్టర్? ఇందుకే వద్దన్నాను. వీళ్ల ఇళ్లకి ఈ వైద్యం పనికిరాదు. రేపు గొట్టం తీసేద్దాం, యంత్రం మీదికి మారుద్దాం. సామాను సిద్ధం చేయండి."

"చేయను సార్" అన్నాను.

ఆయన అద్దాలు తీసి నా వైపు చూశాడు. ఉద్యోగంలో చేరాక ఆయనకి నేను ఆ మాట చెప్పడం అదే మొదలు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ముందు ఆ మనిషిని అడగండి సార్, పొట్ట ఆయనది అన్నాను. అడిగాడు. అతను గోడకి చేరబడి అంతా విన్నాడు, ఆ తర్వాత నెమ్మదిగా అన్నాడు:

"పెండ తప్పయితే పెండ బంద్ జేస్తం డాక్టర్ సాబ్. ఇల్లెందుకు బంద్ జేస్తం?"

నేను చదివిన చదువు మొత్తంలో ఇంత సూటి వాదన వినలేదు. డాక్టరు గారు చాలాసేపు గునిసి, చివరికి ఒక షరతు మీద దిగొచ్చాడు. గది బాగు చేయించుకోవాలి. తను స్వయంగా వచ్చి చూస్తాడు. ఆ గదిలో పేడ మరక ఒక్కటి కనబడినా అక్కడికక్కడే రోగిని జీపెక్కించి తెచ్చి గొట్టం తీసేస్తాడు, ఇక ఆ మాట మీద తిరుగు లేదు.

ఆ గది బాగు చేసింది నేను, డ్రైవరు, ఆ ఇల్లాలు. సిమెంటు బస్తాలు డ్రైవరు ఎక్కడినుంచో తెచ్చాడు. ఎక్కడినుంచని అడిగితే, "మేడమ్, మీకు రోగం తగ్గాలా, సిమెంటు జాతకం కావాలా?" అన్నాడు. నేల గచ్చు చేశాం, గోడలకు సున్నం కొట్టాం, పైకప్పు పెంకుల కింద ప్లాస్టిక్ పట్టా కట్టాం. అంతా అయ్యాక అతని తల్లి గుమ్మంలో నిలబడి చూసింది. ఆ ఇంటికి పెద్ద ఆమే. పిడికెడంత మనిషి, నోరు మాత్రం ఊరంత.

"ఏందిది? గోరి లెక్క ఉన్నది" అంది.

"గోరీ కాదవ్వా, గచ్చు. నీ కొడుకు బాగు కోసమే" అన్నాను నా రైలు తెలుగులో.

"అలుకని ఇల్లు సచ్చినోళ్ల ఇల్లు. నా కొడుకు బతికుండంగ వాని అర్ర అలుకకుంటే ఎట్లనమ్మా? ఊరోళ్లు ఏమనుకుంటరు? దేవుడేమనుకుంటడు?"

ఇది వట్టి మూఢత్వమని కొట్టిపారేయకండి. ఆ ఊళ్లో ఎవరైనా పోతేనే ఇల్లు అలకడం ఆపుతారు. రోజూ పొద్దున్నే ఆ తెల్లటి గచ్చు చూసినప్పుడల్లా ఆ తల్లికి కొడుకు పోయినట్టే ఉండేది. కోడలు మాత్రం పట్టు వదల్లేదు. అత్త బకెట్టు పట్టుకుని రావడం, కోడలు తలుపుకి అడ్డం పడడం, ఇద్దరూ పూట పూటా తగువే. మధ్యలో అతను సంచి తగిలించుకుని, "నన్ను సంపుతరా ఏంది మీరిద్దరు" అని లోపల్నుంచి అరిచేవాడట. నేను వెళ్లినప్పుడల్లా ఇద్దరూ నాకు ఫిర్యాదులు చెప్పేవాళ్లు.

అతను ఎన్నాళ్లు బతికాడని మీరు ఎలాగూ అడుగుతారు. ఇప్పుడే చెప్పేస్తా, చివరి దాకా దాచుకోవడం నాకు చేతకాదు. చాలా ఏళ్లు బతికాడు. దున్నాడు, కోశాడు, కూతురి పెళ్లి చేశాడు. అందుకే ఈ కథ చెప్పేటప్పుడు నేను ఏడవను. అయితే డాక్టరు గారు తనిఖీకి వచ్చిన రోజున మాత్రం ఆ బతుకు అతనికి దక్కుతుందో లేదో మాలో ఎవరికీ తెలియదు.

ఆయన ముందుగానే ఒక ఆదివారం అనుకున్నాడు. సరేనన్నాం. ఆ ఊళ్లో కొత్తల పండుగ, అంటే కొత్త ధాన్యం వండి దేవుడికి పెట్టి తినే పండుగ, పంచాంగంలో ఉండదు. చేను చూసి ఊరి పూజారి ఫలానా రోజని చెబుతాడు. ఆ ఏడు ఆయన సరిగ్గా ఆ ఆదివారమే చెప్పాడు. ఆ కబురు మాకు, చీకటితోనే బయల్దేరి మద్దేడ్‌లో టీకి ఆగినప్పుడు తెలిసింది. కొత్తల పండుగ నాడు ఇంట్లో ఒక్క మూల కూడా వదలకుండా అలకాలి. అలకని మూల ఉంటే దేవుడు గడప దాటడు, దేవుడు తినకుండా ఇంట్లో ఎవరూ కొత్తన్నం ముట్టకూడదు. "వెనక్కి తిప్పమంటారా? బండి చెడిపోయిందని చెబుదాం" అని డ్రైవరు హిందీలో గొణిగాడు. వద్దు, పోనియ్ అన్నాను. దొంగచాటుగా గెలిచేది నాకు అక్కర్లేదనిపించింది.

వాకిట్లో జీపు దిగేసరికి మేం భయపడిందే కళ్లముందు ఉంది. ఇల్లంతా అప్పుడే అలికి తడితడిగా, పచ్చగా మెరుస్తోంది. ముసలమ్మ మోచేతుల దాకా పేడతో, బకెట్టు పట్టుకుని వాకిట్లోకే తలుపున్న కొడుకు గది ముందు నిలబడి ఉంది. కోడలు రెండు చేతులూ ద్వారబంధానికి చాచి అడ్డంగా ఉంది. లోపల అతనికి సంచి మార్చే వేళ అయింది.

"తప్పుకో" అంటోంది అత్త.

"తప్పుకోనత్తా. నన్ను అలికి పో" అంటోంది కోడలు.

డాక్టరు గారు ఆ బకెట్టు చూశాడు, ఆ చేతులు చూశాడు. ఇంక గదిలోకి తొంగి చూడాల్సిన పని లేదన్నట్టు నా వైపు తిరిగాడు. "చాలు సిస్టర్. ఎన్నిసార్లు చెప్పినా వీళ్లు మారరు. ఇది రోగి ఉండాల్సిన చోటు కాదు. అసలు మనిషి ఉండాల్సిన చోటే కాదు. ఎక్కించండి జీపు."

నేను నోరు తెరిచేలోపే ముసలమ్మ ఇటు తిరిగింది. బకెట్టు నేల మీద ఠక్కున పెట్టింది.

"ఏందన్నవ్ బిడ్డా? మనిషి ఉండే జాగ కాదా?"

"అది కాదమ్మా..." డాక్టరు గారు సర్దుకోబోయాడు.

"ఏది కాదు? నేను కాపురానికొచ్చింది ఈ ఇంటికి. వాణ్ని కన్నది ఈ ఇంట్ల. నా మొగడు పానం ఇడిసింది ఈ ఇంట్ల. మేమంత మనుషులం కాదా? నీ రేకుల షెడ్డుల ఉన్నోళ్లే మనుషులా?"

ఆ ఊరంత నోరు మొదటిసారి మా వైపు తెరుచుకుంది. నాకైతే ప్రాణం లేచొచ్చింది. ఇరుగుపొరుగు చేతిలో పనులు వదిలేసి వాకిట్లోకి వచ్చేశారు. డాక్టరు గారు సాయం కోసం నన్ను చూశాడు, నేను జీపు టైర్లు చూశాను.

"వాణ్ని తీస్కపోతవా? తీస్కపోయి యాడ వెడుతవ్? ఈడ ఎవ్వరు తీస్కపోనియ్యరు నిన్ను." అని ఆమె కోడలి వైపు తిరిగింది. "తలుపెయ్యి. వాని పని సూడు."

కోడలికి అర్థం కాలేదు. "మరి అలుకుడెట్ల అత్తా?"

"ఈ గడప దాక అలుకుత. ఆ అర్ర జోలికి రాను." పక్కింటి ముసలాయన ఒకతను, మరి దేవుడెట్ల వస్తడు లోపటికి అని అడ్డం వేశాడు. ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. "దేవుడు ఈ పూట వాకిట్ల కూసుంటడు. నా కొడుకు లోపట కూసుంటడు. ఎవనికేమన్న నొప్పా?"

ఎవరూ నొప్పి అనలేదు. తలుపు మూసుకుంది. ఆమె గడప దాకా అలికి, చేతులు కడుక్కుని, పీట మీద దేవుణ్ణి తెచ్చి ఆ మూసిన తలుపు ఎదురుగా, వాకిట్లో పెట్టింది. దేవుడంటే పసుపు రాసిన ఒక చిన్న కర్ర. కొత్తన్నం ఆకులో వడ్డించింది. డాక్టరు గారు మాత్రం ఎంతైనా డాక్టరే కదా, లోపల సంచి ఎలా మారుస్తున్నారో చూడాలని చెప్పులు విడిచి గడప వైపు నడిచాడు. తడి పేడలో పాదం ముద్ర పడింది.

"ఏ!" అని అరిచింది ముసలమ్మ. "దేవుడే బయట కూసున్నడు. నువ్వు లోపటికి పోతవా?"

వాకిలంతా ఒక్కసారి నవ్వింది. డ్రైవరు జీపుని పట్టుకుని మరీ నవ్వాడు. డాక్టరు గారి చెవులు ఎర్రబడ్డాయి. సంచి మారేటప్పుడు ఎవరూ లోపలికి పోకూడదన్న నియమం ఆయన పెట్టిందే. వెనక్కి వచ్చి నులక మంచం మీద కూర్చున్నాడు. మేమంతా అలాగే కూర్చున్నాం, ఇటు మేము, అటు దేవుడు, ఎదురుగా మూసిన తలుపు.

తలుపు తెరుచుకుంది. కోడలు మూతి గుడ్డ విప్పుతూ, పొట్టలోంచి తీసిన నీళ్ల సంచి తెచ్చి డాక్టరు గారి చేతికిచ్చింది. ఆయన లేచి దాన్ని ఎండకెత్తి పట్టుకున్నాడు. లేత పసుపు రంగు నీళ్లు, తేటగా, అవతల ఆయన వేళ్లు కనబడుతున్నాయి. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గడప దగ్గరే నిలబడి, మెడ మాత్రం లోపలికి చాచి, తెల్లటి గోడలు, ఆరిన గచ్చు, మంచం మీద చొక్కా సర్దుకుంటున్న రోగిని చూశాడు. రోగి ఆయనకి నమస్కారం పెట్టాడు.

"సరే" అన్నాడు డాక్టరు గారు. ఆయన గొంతులో బరువు దిగిపోవడం నాకు స్పష్టంగా వినిపించింది. "గొట్టం ఉండనిద్దాం. ఇంట్లోనే ఉండనిద్దాం."

ముసలమ్మ అప్పటికే ఇంకో ఆకు వేసి కొత్తన్నం వడ్డిస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"ఉండనిచ్చేటోనివి నువ్వేంది బిడ్డా? వాని ఇల్లిది, వాడుంటడు. కూసో, తిని పో."